జేమ్స్ మెల్విల్: తరగతి గది నుండి చేపల రేవుకు



మన సంఘంలో బడిపంతుళ్లు ఉన్నారు. సాయంత్రం వసారాలో ట్యూషన్ చెప్పుకొనే చెల్లెళ్లు ఉన్నారు. ఆదివారం పిల్లలను చాప మీద కూర్చోబెట్టి వాక్యం నేర్పే యవ్వనస్థులున్నారు. ఈ వ్యాసం వారిని మనసులో పెట్టుకొని రాస్తున్నాను, అయితే అందరూ చదవండి. స్కాట్లాండ్ దేశంలో సంఘ సంస్కరణ జరిగించిన జాన్ నాక్స్ గారి పేరు మీలో చాలామంది విన్నారు. ఆయన తరువాతి తరంలో అదే దేశంలో జేమ్స్ మెల్విల్ అనే భక్తుడు ఉన్నాడు. మొదట యూనివర్సిటీలో ట్యూటరు, తరువాత చేపలు పట్టుకొని బ్రతికే ఊళ్లో పాస్టరు. తన జీవితాన్ని తన చేత్తోనే, పండితుల లాటిన్‌లో కాక తన ఇంటి భాష అయిన స్కాట్స్‌లో రాసిపెట్టుకున్నాడు. అందుకే ఆయనను గూర్చి మనకు ఇంత దగ్గరగా తెలుస్తుంది.

ఆయన 1556లో మాంట్‌రోజ్ అనే రేవు పట్టణం దగ్గర బాల్డోవిలో పుట్టాడు. తండ్రి రిచర్డ్ మెల్విల్ ఆ పొలాలకు యజమాని, ఆ ప్రాంతపు సంఘానికి సేవకుడు కూడా. తల్లి ఈయన పసితనంలోనే చనిపోయింది. తల్లి లేని పిల్లవాణ్ణి అక్క ఇసబెల్ చేరదీసింది. సర్ డేవిడ్ లిండ్సే అనే కవి అంత్యదినపు తీర్పును గూర్చి రాసిన పద్యాలు ఆమె చదివి, పాడి వినిపించేది. ఒకసారి నవ్వు, ఒకసారి ఏడుపు వచ్చేవట. లోగీ అనే ఊళ్లో విలియం గ్రే అనే సేవకుని బడికి పంపారు. ఆ గురువు మంచివాడు. ఆయన సోదరి ఆ ఇంటి పెత్తనం చూసుకొనేది, పిల్లలందరికీ తల్లిలా ఉండేది. అక్కడే తొమ్మిదో ఏట దేవుని ఆత్మ తన హృదయంలో పని మొదలుపెట్టాడని, పొలాల గట్ల మీద నడుస్తూ ప్రార్థన చేసేవాడినని మెల్విల్ జ్ఞాపకం చేసుకుంటాడు. బడిలో బాణాలు వేయడం, ఈత, గోల్ఫ్ కూడా నేర్పారు. గోల్ఫ్ ఆ దేశపు ఆట, అప్పటికే ఉంది.

14, 15 ఏళ్ల వయసులో సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీలో సెయింట్ లెనార్డ్స్ అనే కాలేజీలో చేరాడు. ఆ కాలంలో కాలేజీకి వెళ్లే వయసు అదే. తండ్రి బాణాలు, గోల్ఫ్ కర్ర, బంతులు కొనిచ్చాడు గాని బంతాటల పందేలకూ సారాయి కొట్టుకూ సరిపడే డబ్బు మాత్రం ఇవ్వలేదు. అది నా మేలు కోరిన తండ్రి జ్ఞానం అని కొడుకే మెచ్చుకున్నాడు. హాస్టల్లో పిల్లలున్న తల్లిదండ్రులు ఇది గమనించాలి!

ఆ కాలేజీల పద్ధతి ఇప్పటిది కాదు. ఒక తరగతికి ఒకే ట్యూటరు. ఆయనను రీజెంట్ అనేవారు. సబ్జెక్టుకొక మాస్టారు ఉండడు. గ్రీకు, తర్కం, నీతిశాస్త్రం, గణితం, ప్రకృతిశాస్త్రం, ఏదైనా ఆయనే చెప్పాలి. పిల్లవాడు చేరిన రోజు నుండి పట్టా పుచ్చుకొనే రోజు వరకు ఆ ఒక్క మనిషే వాడికి గురువు. మంచివాడు దొరికితే దీవెన, లేకపోతే నాలుగేళ్లు పోయినట్టే. రీజెంట్లు చాలామంది కుర్రవాళ్లే, అప్పుడే పట్టా పుచ్చుకొని వేరే ఉద్యోగం దొరికేదాకా పాఠాలు చెప్పుకొనేవాళ్లు.

మెల్విల్ తరగతి రీజెంట్ పేరు విలియం కాలెస్. పాఠమంతా లాటిన్‌లోనే. పల్లెటూరి బడి నుండి వచ్చిన ఈ పిల్లవాడికి కాస్త లాటిన్ వ్యాకరణం వచ్చు గాని, రీజెంట్ నోటి వెంట ధారగా వచ్చే లాటిన్ ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కవాళ్లు రాసుకుంటున్నారు, తలలూపుతున్నారు. తాను మాత్రం కూర్చొని ఏడ్చాడు. తరగతిలోనే, అందరి ముందూ, వెక్కి వెక్కి. ఇంటికి వెళ్లిపోదామని నిశ్చయించుకున్నాడు.

తెలుగు మీడియంలో పదో తరగతి చదివి పట్నంలో ఇంటర్‌లో చేరిన మన పిల్లలకు ఈ సంగతి నేను విడమరచి చెప్పనక్కరలేదు.

కాలెస్ ఆ పిల్లవాణ్ణి కోప్పడలేదు. అర్థం కాకపోతే ఎందుకొచ్చావని అడగలేదు. ఓదార్చాడు. తన సొంత గదిలోకి తీసుకొనివెళ్లి అక్కడే ఉంచుకున్నాడు. పగలు అందరికీ చెప్పిన పాఠం రాత్రి ఈ ఒక్కడికి మళ్లీ మొదటి నుండి చెప్పాడు. ఒక రాత్రి కాదు, ఆ పాఠం వాడికి పట్టుబడేదాకా ప్రతి రాత్రీ. పెద్దయ్యాక మెల్విల్ యూనివర్సిటీ రోజులను గూర్చి రాసినప్పుడు తాను గెలిచినదేమీ ముందు పెట్టలేదు, ఈ ఏడుపును పెట్టాడు. గురువు పేరుతో సహా రాశాడు.

ఆ దినాల్లోనే జాన్ నాక్స్ గారిని చూసే భాగ్యం కలిగింది. ఎడిన్‌బరోలో అంతర్యుద్ధం వల్ల నాక్స్ గారు 1571 జులైలో సెయింట్ ఆండ్రూస్‌కు వచ్చి ఏడాదికి పైగా ఉన్నారు. ముసలితనం, పక్షవాతం తరువాతి బలహీనత. మెడ చుట్టూ బొచ్చు తోలు చుట్టుకొని, ఒక చేతిలో కర్ర, రెండో చంక కింద సేవకుడు పట్టుకొని ఉండగా మెల్లగా చర్చికి నడిచి వచ్చేవారు. ప్రసంగ వేదిక మీదికి ఎత్తి నిలబెట్టాలి. మొదట దానికి ఆనుకొని నిలబడేవారు. దానియేలు గ్రంథం తీసుకొని అరగంట నెమ్మదిగా వివరించేవారు. ఆ తరువాత వినేవారి బ్రతుకులకు అన్వయించడం మొదలుపెడితే, ఆ ముసలాయన వేదికను ముక్కలు చేసి బయటికి ఎగిరిపోతాడేమో అన్నట్టుండేది. నోట్సు రాసుకొనే మెల్విల్ చేయి వణికి కలం నిలిచేది కాదట. ఇది చరిత్ర పుస్తకాల్లో అందరూ చెప్పేదే. నాకు ఇంకొకటి నచ్చింది. నాక్స్ గారు అప్పుడప్పుడు కాలేజీ తోటలో కూర్చొని, విద్యార్థులను దగ్గరికి పిలిచి, ఆశీర్వదించి, బుద్ధిగా చదువుకొమ్మని చెప్పేవారు. రాజులనూ రాణులనూ ఎదిరించిన మనిషి, ఏడాదిలో చనిపోబోతూ, 15 ఏళ్ల పిల్లలతో తోటలో కూర్చున్నారు.

1574లో మెల్విల్ చిన్నాన్న ఆండ్రూ మెల్విల్ జెనీవా నుండి తిరిగి వచ్చాడు. వయసులో 11 ఏళ్లే పెద్ద. పండితుడు, నిప్పులాంటి మనిషి. గ్లాస్గో యూనివర్సిటీ దాదాపు మూతబడి ఉంటే ఆయనను ప్రిన్సిపాల్‌గా పిలిచారు. అన్న కొడుకును వెంటబెట్టుకొని వెళ్లాడు. సెయింట్ ఆండ్రూస్‌లో జేమ్స్‌కు గ్రీకు అక్షరాలూ కాస్త శబ్దరూపాలూ తప్ప ఏమీ చెప్పలేదు. సెమినరీలో ఆల్ఫా బీటా దగ్గర చాలా వారాలు కూర్చున్న నాకు ఆ సంగతి చదివి నవ్వొచ్చింది. చిన్నాన్న దగ్గర కూర్చొని మళ్లీ మొదటి నుండి నేర్చుకున్నాడు. మరుసటి ఏడాది, 1575లో, 19 ఏళ్లకు గ్లాస్గోలో రీజెంట్ అయ్యాడు. స్కాట్లాండ్‌లో గ్రీకు రచయితలను లాటిన్ అనువాదంలో కాక మూల భాషలోనే తరగతికి చదివించిన మొదటి రీజెంట్ ఈయనే అంటారు. వెక్కి ఏడ్చిన పిల్లవాడు నాలుగైదేళ్లలో అక్కడికి వచ్చాడు.

ట్యూటరు బ్రతుకు సుఖంగా ఉండేదని మాత్రం అనుకోవద్దు. విద్యార్థుల్లో గొప్పింటి పిల్లలు ఉండేవారు, వాళ్ల బంధువులు నడుముకు కత్తి కట్టుకొని తిరిగేవారు. అలెగ్జాండర్ బాయ్డ్ అనే కుర్రవాడు తప్పు చేస్తే మెల్విల్ శిక్షించాడు. వాడు ఒక మూలకు పోయి తన ముఖం తానే గాయం చేసుకొని, నెత్తురు పూసుకొని, రీజెంట్ నన్ను ఇలా చేశాడని చాటాడు. తరువాత ఒక సాయంత్రం మెల్విల్ చర్చి ఆవరణలో ఒంటరిగా వస్తుంటే బాయ్డ్ వెనుక నుండి దుడ్డుకర్రతో వచ్చాడు, వాడి బంధువు అలెగ్జాండర్ కనింగ్‌హామ్ దూసిన కత్తితో వచ్చాడు. మెల్విల్ వెనక్కి తిరిగి కత్తి ఉన్న చేతిని పట్టుకొని, ఆయుధం లాక్కొని ప్రాణం దక్కించుకున్నాడు. యూనివర్సిటీ ఫిర్యాదు చేసింది. తప్పు చేసినచోటే తల మీద టోపీ లేకుండా, వట్టి కాళ్లతో నిలబడి క్షమాపణ అడగాలని తీర్పు వచ్చింది. ఆ రోజున కనింగ్‌హామ్ తరఫున వందలాది మంది ఆయుధాలతో దిగారు. గొడవెందుకు, వదిలేయండని ఊళ్లో పెద్దలు సలహా ఇచ్చారు. ఆండ్రూ మెల్విల్ వినలేదు. విద్యార్థులను, మాస్టర్లను వెంటబెట్టుకొని వెళ్లి నిలబడ్డాడు. చివరకు ఆ యువకుడు క్షమాపణ అడిగాడు.

ఈ చిన్నాన్న, అన్న కొడుకుల జంటను చూస్తే నాకు ఒక సంఘటన గుర్తొస్తుంది. చాలా ఏళ్ల తరువాత 1596లో ఫాక్‌లాండ్ కోటలో కొందరు సేవకులు రాజు ఆరవ జేమ్స్‌తో మాట్లాడవలసి వచ్చింది. మెల్లగా మాట్లాడతాడు, రాజుకు కూడా ఇష్టుడు అని జేమ్స్ మెల్విల్‌ను ముందు నిలబెట్టారు. ఆయన నోరు తెరిచాడో లేదో రాజు కోపంతో అడ్డుపడ్డాడు. వెంటనే ఆండ్రూ ముందుకొచ్చి, రాజుగారి చొక్కా చేయి పట్టుకొని, ఈ దేశంలో ఇద్దరు రాజులున్నారు, క్రీస్తు రాజ్యంలో నీవు కేవలం ఒక సభ్యుడివి అని చెప్పేశాడు. చరిత్ర ఆండ్రూను గుర్తుపెట్టుకుంది. అది న్యాయమే. కానీ రాజుగారి చేయి పట్టుకొనేవాళ్లు సంఘానికి ఎప్పుడో ఒకసారి కావాలి, ఏడ్చే పిల్లవాడి పక్కన కూర్చొనేవాళ్లు రోజూ కావాలి.

1580లో ఇద్దరూ సెయింట్ ఆండ్రూస్‌కు మారారు. ఆండ్రూ సెయింట్ మేరీస్ కాలేజీ ప్రిన్సిపాల్, జేమ్స్ హెబ్రీ బోధకుడు. 1584లో రాజు సంఘం మీద తానే అధికారినని చట్టాలు చేయించాడు. అప్పటికే ఆండ్రూ ఇంగ్లాండుకు పారిపోవలసి వచ్చింది. కొన్ని నెలలు కాలేజీ భారం మోసి, తనను కూడా పట్టుకుంటారని తెలిసి జేమ్స్ కూడా బయలుదేరాడు. ఓడ మునిగి బయటపడ్డ నావికుడి వేషం వేసుకొని, చిన్న పడవలో, సముద్రపు వాంతులతో, సరిహద్దులో ఉన్న బెర్విక్ అనే ఇంగ్లీషు పట్టణం చేరాడు. ఏడాది క్రితమే పెళ్లయిన భార్య ఎలిజబెత్ డ్యూరీ తరువాత వచ్చి కలిసింది. ఏడాదిన్నరకు పరిస్థితి మారి తిరిగి వచ్చారు.

1586లో ఆయన యూనివర్సిటీ విడిచి ఫైఫ్ తీరాన కిల్రెనీ, ఆన్‌స్ట్రథర్, పిట్టెన్‌వీమ్, ఆబర్‌క్రాంబీ అనే నాలుగు చోట్ల సంఘాలకు కలిపి పాస్టరుగా వెళ్లాడు. వలలు, పడవలు, ఉప్పు చేపలు, ఇదే వాళ్ల లోకం. మూల భాషలో గ్రీకు రచయితలను బోధించినవాడు అక్కడికి ఎందుకు వెళ్లాడని మనకు అనిపిస్తుంది. ఆయన రాతలో ఎక్కడా దాన్ని దిగిపోవడంగా చెప్పుకోలేదు. నాలుగు సంఘాలు ఒక మనిషి వల్ల కావని చూసి, ఒక్కో చోటికి ఒక్కో సేవకుణ్ణి పిలిపించి, వాళ్ల జీతాలు వాళ్లకు వదిలేశాడు. తనకు కిల్రెనీ ఒక్కటి ఉంచుకున్నాడు. ఆ ఊరి బడిపంతులు జీతం తన చేతి డబ్బుతో ఇచ్చాడు. చదువు రాని తన జనం కోసం ఒక ప్రశ్నోత్తరాల పుస్తకం రాసి అచ్చువేయించాడు. దాని పేరుకు మన మాటల్లో ‘ఒక కాపరి తన జనానికిచ్చే ఆత్మీయ కానుక’ అని అర్థం. కాలెస్ రాత్రిపూట గదిలో చేసిన పనే ఇది అని నేనంటాను. అర్థం కాని భాషలో కూర్చున్నవాడి దగ్గరికి వెళ్లి, వాడికి అర్థమయ్యేలా మొదటి నుండి చెప్పడం.

ఆ రోజుల్లోనే ఒక ఇంగ్లీషు సముద్రదొంగల ఓడ ఆన్‌స్ట్రథర్ వాళ్ల ఓడను దోచుకొని ఒకరిని చంపింది. ఊరి యువకులు ఇంకొక ఓడ ఎక్కి వాళ్లను తరిమారు. వాళ్లు తిరిగొచ్చేదాకా పాస్టరుగారికి అన్నం సయించలేదు, నిద్రపట్టలేదు. ఎనిమిది పది రోజుల తరువాత జెండాలు ఎగురవేసుకుంటూ ఆ ఓడ కనబడింది. సముద్రం మీదికి వెళ్లినవాళ్ల కోసం గట్టు మీద నిలబడడం ఏమిటో మన తీరప్రాంతపు సంఘాలకు బాగా తెలుసు.

ఇప్పుడు 1588 సంవత్సరం. స్పెయిన్ రాజు ఫిలిప్ ఇంగ్లాండును జయించడానికి దాదాపు 130 ఓడల నౌకాదళాన్ని పంపాడు. ప్రొటెస్టెంట్ స్కాట్లాండ్ అంతా వణికిపోయింది. ఒకరోజు డన్‌బార్‌లో దిగారని, ఇంకోరోజు సెయింట్ ఆండ్రూస్‌లో దిగారని, మరోరోజు ఆబర్డీన్‌లో దిగారని పుకార్లు. సంఘాలు ఉపవాస దినాలు ప్రకటించాయి. వేసవి గడిచింది, తుఫాను ఆ ఓడలను ఉత్తరానికి తరిమిందని మెల్లగా వార్తలు వచ్చాయి.

చలికాలంలో ఒక తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, ఊరి పెద్దల్లో ఒకరు మెల్విల్ మంచం దగ్గరికి వచ్చి లేపాడు. మన రేవులోకి ఓడ నిండా స్పెయిన్ వాళ్లు వచ్చారయ్యా, అయితే దయ చూపడానికి కాదు, దయ అడగడానికి వచ్చారు అన్నాడు. వాళ్ల నాయకులు ఒడ్డుకు దిగి మాట్లాడతామంటే, ఊరి పెద్దలు వచ్చేదాకా ఓడలోనే ఉండమన్నామని చెప్పాడు. మెల్విల్ లేచి, ఊళ్లోని పెద్దలను సమకూర్చి, వాళ్ల మాట వినడానికి కూర్చున్నాడు.

వచ్చినవాడి పేరు హువాన్ గోమెజ్ దె మెదీనా, 20 ఓడలకు అధిపతి. పొడగరి, గంభీరమైన ముఖం, నెరిసిన జుట్టు. ఆయన ముఖం నేలకు తగిలేంతగా వంగి, పాస్టరుగారి బూటును చేత్తో తాకాడు. స్పానిష్‌లో మాట్లాడాడు. సారాంశం మెల్విల్‌కు అర్థమై లాటిన్‌లో జవాబు చెప్పబోతుండగా, గోమెజ్ వెంట ఉన్న యువకుడు అదంతా మంచి ఇంగ్లీషులో మళ్లీ చెప్పాడు. మా రాజు ఇంగ్లాండు మీదికి మమ్మల్ని పంపాడు, మా పాపాల వల్ల దేవుడు మాకు విరోధమయ్యాడు, తుఫాను మమ్మల్ని తోసుకుపోయింది. ఫెయిర్ ఐల్ అనే దీవి దగ్గర రాళ్లకు కొట్టుకొని మా ఓడ పోయింది. చావకుండా మిగిలినవాళ్లం ఆరేడు వారాలు ఆకలితో చలితో ఉన్నాం. మీ రాజు చేతిని ముద్దుపెట్టుకొని, మా సైనికులకు కాస్త ఆదరణ అడుగుదామని వచ్చాం. ఇదీ వాళ్ల మొర.

మెల్విల్ ఏమన్నాడో చూడండి. తియ్యటి మాటలు చెప్పలేదు. మన మధ్య స్నేహమేమీ లేదు, మీరు పోపు పక్షం, మేము సంస్కరణ పక్షం అన్నాడు. మా వర్తకులు మీ దేశానికి న్యాయమైన వ్యాపారం మీద వస్తే మీరు పట్టుకొని చెరలో వేశారు, విశ్వాసం కోసం తగలబెట్టారు అని ముఖం మీదే చెప్పాడు. అయినా మేము మనుషులం, కనికరం తెలిసినవాళ్లం, మీకన్నా మంచి మార్గం నమ్ముకున్న క్రైస్తవులం అని మీరే చూస్తారు అన్నాడు. గోమెజ్ వినయంగా, దేశం సంగతి నేను చెప్పలేను గాని కాడిజ్ రేవులో చాలామంది స్కాట్లాండ్ వాళ్లకు నేను మేలు చేశాను, వాళ్లలో ఈ ఊరివాళ్లు కూడా ఉండొచ్చు అన్నాడు.

మరునాడు ఆ ఊరి జమీందారు వచ్చి, నాయకులను తన ఇంటికి తీసుకొనివెళ్లాడు. మిగిలిన సైనికులను ఒడ్డుకు దిగనిచ్చారు. మొత్తం 260 మంది దాకా. దేశాన్ని వణికించిన శత్రువులు ఎలా ఉంటారోనని గట్టు మీద నిలబడ్డ జనం చూసింది, చాలా వరకు గడ్డాలు కూడా రాని కుర్రవాళ్లు. బక్కచిక్కి, అలసిపోయి, ఆకలితో ఉన్నారు. వాళ్లకు ఊరివాళ్లు ఒకటి రెండు రోజులు ఆకుకూర, జావ, చేపలు పెట్టారు. ఈ విషయంలో నేనిచ్చిన సలహా ఎలీషా ఇశ్రాయేలు రాజుకిచ్చిన సలహాయే అని మెల్విల్ రాసుకున్నాడు. రాజుల రెండవ గ్రంథం ఆరవ అధ్యాయం తెరిచి చదవండి. గుడ్డివారైన సిరియనుల దండు షోమ్రోను మధ్యలో కళ్లు తెరుస్తుంది. కొట్టుదునా అని రాజు రెండుసార్లు అడుగుతాడు. ప్రవక్త మాత్రం వాళ్ల ముందు భోజనం పెట్టించి, తమ యజమాని దగ్గరికి పంపించమంటాడు.

నాలుగేళ్ల క్రితం ఓడ మునిగిన నావికుడి వేషంలో పరాయి ఒడ్డున దిగిన మనిషి ఈ మాట చెప్పాడు. గడ్డం రాని వయసులో అర్థం కాని భాష మధ్య కూర్చొని ఏడ్చిన మనిషి కూడా ఆయనే. ఈ రెంటినీ ఆయన ఎలీషా మాటతో ముడిపెట్టి రాయలేదు, ముడిపెడుతున్నది నేను. కానీ రేవులో ఆ కుర్రవాళ్లను చూసినప్పుడు వాళ్ల జెండా కన్నా ముందు గడ్డాలు లేని ముఖాలు ఆయన కంటబడ్డాయి. ఏళ్ల తరబడి ఆ వయసు పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పినవాడికే ఆ చూపు ఉంటుందని నా నమ్మకం.

గోమెజ్‌కు ఇంకా తన దళం మొత్తం ఏమైందో తెలియదు. మెల్విల్ సెయింట్ ఆండ్రూస్ వెళ్లినప్పుడు ఎక్కడెక్కడ ఓడలు పగిలాయో, ఏయే నాయకులు ఏమయ్యారో అచ్చువేసిన కాగితం ఒకటి దొరికింది. తెచ్చి ఒక్కొక్క పేరూ ఆయనకు చదివి వినిపించాడు. ఆ పెద్దమనిషి దుఃఖం ఆపుకోలేక బిగ్గరగా ఏడ్చాడు. మెల్విల్ ఆ సంగతి రాసేటప్పుడు వాడిన మాట, తన చిన్నప్పటి తరగతి గదిలో ఏడుపుకు వాడిన మాట ఒకటే.

కొంతకాలానికి ఆన్‌స్ట్రథర్ ఓడ ఒకటి కాడిజ్ రేవులో పట్టుబడింది. ఆ సంగతి విన్న గోమెజ్ రాజు దగ్గరికి వెళ్లి, స్కాట్లాండ్ వాళ్లను మెచ్చుకొని మాట్లాడి ఓడను విడిపించాడు. ఆ నావికులను ఇంటికి తీసుకొనివెళ్లి మర్యాద చేశాడు. జమీందారు ఎలా ఉన్నాడు, నాకు బస ఇచ్చినాయన ఎలా ఉన్నాడు, ఆ పాస్టరు ఎలా ఉన్నాడు అని అడిగి, వందనాలు పంపాడు. శత్రువులను గూర్చి కఠినంగా మాట్లాడేవాళ్లకు వాళ్లకు అన్నం పెట్టే హక్కు పోలేదని ఇక్కడ కనబడుతుంది. ఆండ్రూ విషయంలో కూడా అంతే. వాళ్లిద్దరినీ దేశం వదిలేలా చేసిన ఆర్చిబిషప్ పాట్రిక్ ఆడమ్సన్‌ను రాజు చివరికి చేయి విడిచాడు. జబ్బుతో, తిండికి లేక ఉన్న ఆయనను కొన్ని నెలలు పోషించింది ఆండ్రూ మెల్విల్లే. ఆడమ్సన్ సిద్ధాంతాన్ని మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు.

తరువాతి కథ క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది బాధాకరం. 1603లో ఆరవ జేమ్స్ ఇంగ్లాండుకు కూడా రాజయ్యాడు. స్కాట్లాండ్ సంఘం మీద బిషప్పులను నిలబెట్టాలని ఆయన పట్టుదల. 1606లో సలహా కోసమని చెప్పి ఎనిమిది మంది సేవకులను లండన్‌కు పిలిపించాడు. అందులో చిన్నాన్న, అన్న కొడుకు ఇద్దరూ ఉన్నారు. రాజుగారి ప్రార్థనాలయంలోని బల్లను గూర్చి లాటిన్‌లో ఎగతాళి పద్యం రాసినందుకు ఆండ్రూను లండన్ టవర్ చెరసాలలో నాలుగేళ్లు ఉంచారు. ఆ తరువాత ఫ్రాన్స్‌కు పంపారు, అక్కడే సెడాన్‌లో పాఠాలు చెబుతూ 1622లో చనిపోయాడు. జేమ్స్‌ను చెరలో వేయలేదు, న్యూకాసిల్ పట్టణం విడిచి పది మైళ్లు దాటకూడదన్నారు. అక్కడుండగానే భార్య ఎలిజబెత్ చనిపోయింది. బిషప్ పదవి ఇస్తాం, రాజుగారి మాట ఒప్పుకో అన్నారు. ఒప్పుకొని ఉంటే మరునాడే ఇంటికి వెళ్లేవాడు. కిల్రెనీ జనం ఆయన కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన ఒప్పుకోలేదు.

కొన్నాళ్లకు బెర్విక్‌లో ఉండనిచ్చారు. చిన్న పడవలో పారిపోయి చేరిన అదే ఊరు. అక్కడి నుండి స్కాట్లాండ్ నేల కొద్ది మైళ్లే. 1614 జనవరిలో అక్కడే కన్నుమూశాడు. తన సంఘాన్ని మళ్లీ చూడలేదు.

ఆయన రాసుకున్న కాగితాలు చేతిరాతగానే రెండు వందల ఏళ్లకు పైగా ఉండి 1829లో అచ్చయ్యాయి. ఆన్‌స్ట్రథర్‌లో ఆయన 1590లో కట్టించిన పాస్టరు ఇల్లు ఇంకా నిలిచి ఉంది. రేవు నుండి వచ్చే పడవలు కనబడేంత ఎత్తులో పై కిటికీ ఒకటి ఉంది. దాని మీద కావలి గోపురం అని చెక్కించాడు.